లేవలేని లేగదూడ చెప్పే లెక్క

ఆరోగ్యంగా పుట్టిన లేగదూడ నేల మీద పడ్డ అయిదు నిమిషాల్లోపే తల ఎత్తుతుంది. ఇంకో అయిదు నిమిషాలకు, పక్కకు వాలి ఉన్నది కాస్తా కాళ్లు మడుచుకుని రొమ్ము మీద కూర్చుంటుంది. అరగంటలోపు లేవబోయి పడుతుంది, మళ్లీ లేవబోతుంది. గంట, గంటన్నర తిరిగేసరికి నిలబడి, రెండు గంటల్లోపు పొదుగు వెతుక్కుని ముర్రుపాలు చీకుతుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో పాడి మీద బతికే ఇళ్లకు ఈ లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు. "పొద్దెక్కింది, దూడ ఇంకా లేయలేదే" అని ఇంటామె అందంటే, ఏదో తేడా ఉందని ఆ ఇంట్లో అందరికీ అర్థమైపోతుంది.

ఆ తేడాకు కారణాలు చెప్పేవాళ్లకు కొదవ ఉండదు. గ్రహణం నాడు ఆవును బయట కట్టేశారని ఒకరంటారు. చూడి ఆవును ఎవరో డొక్కలో తన్నారని ఇంకొకరంటారు. సూది వేసినాయన హస్తవాసి మంచిది కాదని మరొకరు తీర్పు చెబుతారు. రెండో రోజో మూడో రోజో దూడ చనిపోతే గట్టు పక్కన గొయ్యి తీసి పూడ్చేస్తారు. పశువైద్యుల బాధంతా ఆ గొయ్యి గురించే. తొమ్మిది నెలల పది రోజుల గర్భంలో ఏ నెలలో ఏం జరిగిందో చెప్పగల సాక్ష్యం ఆ దూడ మెదడులోనే ఉంది. దాన్ని ఎవరూ చదవకముందే మట్టి కప్పేస్తున్నారు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి మిట్ట ప్రాంతంలోవి. వానను నమ్ముకున్న వేరుశనగ, ధరను నమ్ముకున్న టమాటా చెయ్యిచ్చినప్పుడు ఇల్లు నడిపేది పాల బిల్లే. అందుకే ఇక్కడ ఏ పల్లెలో చూసినా జెర్సీ, హోల్‌స్టీన్ సంకరజాతి సీమావులు కనిపిస్తాయి. మరో పక్క, ఈ నేలకే పేరు తెచ్చిన పొట్టి పుంగనూరు ఆవు ఉంది. ఎత్తు సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్లే, బరువు రెండు వందల కిలోల లోపే. తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఈ జాతిని పలమనేరు పశు పరిశోధన స్థానంలో కాపాడుతోంది. దూడను పరీక్షించే వైద్యుడికి ఈ జాతి భేదం మొదటే గుర్తుండాలి. పుంగనూరు దూడ చిన్నగా ఉండటం, నుదురు వెడల్పుగా ఉండటం జాతి లక్షణాలు. సీమావు దూడతో పోల్చి "తల తేడాగా ఉంది" అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

దూడ లేవలేదంటే వైద్యుడి ముందు రెండు ప్రశ్నలుంటాయి. నాడీమండలంలో ఎక్కడ దెబ్బ తగిలింది? ఎప్పుడు తగిలింది?

ముందుగా తేల్చాల్సింది రెండోది. లోపం గర్భంలో వచ్చిందా, ఈనేటప్పుడు వచ్చిందా, ఈనిన తర్వాత వచ్చిందా? ఈ తేడా ప్రాణాలు నిలబెట్టే తేడా. ఎందుకంటే చివరి రెండిటిలో చాలావాటికి మందు ఉంది. ఈనడం గంటల తరబడి సాగితే దూడ మెదడుకు ప్రాణవాయువు అందదు. అలాంటి దూడ మందకొడిగా పడి ఉంటుంది, చీకదు, కానీ రెండు మూడు రోజులు ఒళ్లు వెచ్చగా ఉంచి, గొట్టంతో పాలు పట్టిస్తే చాలాసార్లు కోలుకుంటుంది. నలుగురు కలిసి కాళ్లకు తాడు కట్టి లాగినప్పుడు తొడ నరం సాగిపోయి వెనక కాలు చచ్చుబడవచ్చు. దూడ హుషారుగానే ఉంటుంది, ఆ ఒక్క కాలే బరువు మోయదు. మార్గశిర, పుష్య మాసాల చలికి నేల మీద తడిగా పడి ఉన్న దూడకు ఒంట్లో వేడి, రక్తంలో చక్కెర రెండూ పడిపోయి స్పృహ తప్పుతుంది. దానికి గోనెపట్టా, సెలైన్‌లో గ్లూకోజు చాలు.

వీటన్నిటికంటే మోసం చేసేది మెదడు పొరల వాపు. పుట్టిన రోజు దూడ బాగానే లేచింది, తిరిగింది. మూడో రోజుకు జ్వరం, మెడ వెనక్కి విరుచుకుపోవడం, ముట్టుకుంటే ఉలిక్కిపడటం. ఇంట్లోవాళ్లు దీన్ని పుట్టు జబ్బే అనుకుంటారు. కానీ ముర్రుపాలు సరిగా తాగని దూడకు బొడ్డు గుండానో పేగుల గుండానో చేరిన సూక్ష్మజీవులు రక్తంలోకి, అక్కడి నుంచి మెదడు పొరల్లోకి పాకితే వచ్చే జబ్బు ఇది. నడుము చివర సూది పెట్టి వెన్నుద్రవం తీస్తే, మంచినీళ్లలా ఉండాల్సింది మసకబారి ఉంటుంది. ఆ రోజే యాంటీబయాటిక్ మొదలుపెడితే దూడ దక్కే అవకాశం ఉంది. మెడ పూర్తిగా విరుచుకుపోయాక పిలిస్తే వైద్యుడు చేయగలిగేది చాలా తక్కువ.

ఇక ఎక్కడ అన్న ప్రశ్న. దీనికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ఒక టార్చిలైటు, రెండు వేళ్లు, తొందరపడని కన్ను చాలు.

అనుభవం ఉన్న వైద్యుడు కొట్టంలోకి రాగానే దూడను ముట్టుకోడు. దూరం నుంచే చూస్తాడు. కన్ను తెరిచి మనుషుల వైపు చూస్తోందా, తల్లి అరుపుకు చెవి తిప్పుతోందా, తల ఒక పక్కకు వంగి ఉందా అని గమనిస్తాడు. తర్వాత నడినెత్తి మీద వేలు వేసి పుర్రె ఎముకలు కలిశాయో లేదో తడుముతాడు. నెత్తి ఉబ్బెత్తుగా, మెత్తగా తగిలితే తలలో నీరు చేరిందన్న అనుమానం. అక్కడి నుంచి వెన్ను మీదుగా తోక దాకా చెయ్యి జారుస్తూ వస్తాడు. వెన్నెముక మూసుకోకుండా ఎక్కడైనా ఖాళీ ఉందా, చర్మం కింద సంచిలాంటిది ఉందా అన్నది చేతికే తెలుస్తుంది. నోట్లో వేలు పెడితే ఆరోగ్యంగా ఉన్న దూడ గట్టిగా చీకుతుంది. చీకకపోతే మెదడు కాండంలోనో, చీకడాన్ని నడిపే నరాల్లోనో తేడా ఉందని అర్థం, లేదా దూడ మొత్తంగానే కుంగిపోయిందని అర్థం. గిట్టల మధ్య చర్మాన్ని గిల్లితే కాలు లాక్కోవాలి. కాలు లాక్కుంటుంది కానీ నొప్పి తెలిసినట్టు తల తిప్పదంటే, ఆ కాలికీ మెదడుకూ మధ్య వెన్నుపాము దారి తెగిందన్నమాట.

కంటి పరీక్షలో చాలామంది పొరబడే చోటొకటుంది. కంటి ముందు చెయ్యి ఆడించినప్పుడు రెప్ప వేయకపోతే దూడ గుడ్డిదని తేల్చేస్తారు. బెదిరింపుకు రెప్ప వేయడం దూడ పుట్టాక నేర్చుకునే పని. మొదటి వారంలో ఆరోగ్యమైన దూడ కూడా రెప్ప వేయకపోవచ్చు. టార్చి వెలుగుకు కంటిపాప చిన్నది కావడం మాత్రం పుట్టుకతోనే ఉంటుంది. అందుకే నమ్మదగింది టార్చినే. దూడ గోడలకు కొట్టుకుంటోంది, కానీ వెలుగుకు పాప ముడుచుకుంటోంది అంటే కన్నూ, దాని నరమూ బాగున్నాయి, చూపును గ్రహించే పెద్దమెదడులో లోపం ఉంది. పాప పెద్దదై, వెలుగు పడినా కదలకపోతే లోపం కంట్లోనో, కంటి నరంలోనో ఉంది.

ఆ రెండో రకం దూడ ఈ సీమ కథ చెబుతుంది. ఆవుకు విటమిన్ ఎ పచ్చిమేతలోని కెరోటిన్ నుంచి వస్తుంది. ఎండిపోయి పాలిపోయిన వరిగడ్డిలో, పాతబడ్డ చొప్పలో అది దాదాపు ఉండదు. ఆవు కాలేయంలో దాచుకున్న నిల్వ కొన్ని నెలలు ఆదుకుంటుంది. కానీ 2002 లాంటి కరువేళ, నెలల తరబడి ఎండుమేతే దిక్కయినప్పుడు ఆ నిల్వా అడుగంటుతుంది. కడుపులోని దూడ పుర్రె ఎముకలు అప్పుడు సరైన తీరున పెరగవు. కంటి నరం బయటికి వచ్చే రంధ్రం ఇరుకైపోయి నరాన్ని నొక్కేస్తుంది. దూడ గుడ్డిగా పుడుతుంది. కొన్ని దూడలకు మెదడు చుట్టూ ద్రవం ఒత్తిడి పెరిగి మూర్ఛలు కూడా వస్తాయి. నలిగిపోయిన నరం తిరిగి రాదు. అదే ఆవు మళ్లీ కట్టినప్పుడు మాత్రం అవిశ, సుబాబుల్ ఆకు, గట్ల మీద నాలుగు మళ్ల కో-4 గడ్డి, అవేవీ లేకపోతే వైద్యుడు చెప్పిన మోతాదులో విటమిన్ ఎ సూది, ఇంతటితో రెండో గుడ్డిదూడ పుట్టకుండా ఆపవచ్చు. పుట్టు జబ్బుల్లో ఇంత తేలిగ్గా ఆపగలిగినవి తక్కువే.

వణికే దూడది వేరే కథ. నిలబడితే నాలుగు కాళ్లూ ఎడంగా పెడుతుంది. అడుగు వేస్తే కాలు అవసరానికి మించి పైకి లేస్తుంది. మామూలుగా ఉన్నంతసేపు తల కదలదు, పొదుగు అందుకోబోయేసరికి ఊగుతుంది. కాళ్లలో బలం ఉంది, కంటికి చూపుంది, చీకే ఆశ ఉంది. ఎద్దులు బలంగా ఉన్నా పగ్గాలు లేని బండి తీరు. ఇవన్నీ చిన్నమెదడు లోపానికి గుర్తులు. పుట్టినప్పటి నుంచీ ఉండి, రోజులు గడిచినా పెరగకపోతే చిన్నమెదడు గర్భంలోనే సరిగా ఎదగలేదని అర్థం. పుట్టినప్పుడు బాగుండి, నెలలు గడిచాక మొదలై ముదురుతూ వస్తే అది కణాలు ముందే రాలిపోయే వేరే జబ్బు, చాలావరకు వంశపారంపర్యం.

చిన్నమెదడు ఎదగకపోవడానికి ప్రపంచమంతటా ఎక్కువగా దొరికే కారణం బీవీడీ (బొవైన్ వైరల్ డయేరియా) వైరస్. చూడి ఆవుకు సుమారు నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్య ఇది సోకితే, అప్పుడే విభజన చెందుతున్న చిన్నమెదడు కణాలను నాశనం చేస్తుంది. తల్లికి రెండు రోజులు జ్వరం వచ్చి పోయి ఉండవచ్చు, అదీ రాకపోయి ఉండవచ్చు. ఇదే వైరస్ మొదటి నాలుగు నెలల్లో సోకితే ఇంకో వింత జరుగుతుంది. పిండానికి తనదేది, పరాయిదేది అన్న గుర్తింపు ఇంకా రాలేదు కాబట్టి వైరస్‌ను తన శరీరంలో భాగమే అనుకుంటుంది. అలాంటి దూడ పుట్టి, బతికినన్నాళ్లూ వైరస్‌ను కొట్టమంతా చల్లుతూ ఉంటుంది. పలమనేరు లాంటి సంతలో చేతులు మారిన ఆవు కడుపులో అలాంటి దూడ ఉంటే, కొన్నవాళ్లకు ఆ సంగతి తెలిసే దారే లేదు. చెవి అంచు నుంచి చిటికెడు తునక తీసి వైరస్ కోసం పరీక్షిస్తేనే బయటపడుతుంది.

ఇక్కడి నుంచే ఎప్పుడు అన్న ప్రశ్న లెక్కగా మారుతుంది. 1959లో జపాన్‌లో దోమల నుంచి వేరుచేసిన అకబానే వైరస్ ఈ లెక్కకు పాఠ్యపుస్తకం లాంటి ఉదాహరణ. 1972 నుంచి 1975 దాకా ఆ దేశంలో 40 వేలకు పైగా గర్భస్రావాలు, మరణజననాలు, వికృతమైన దూడల పుట్టుకలు ఈ వైరస్ వల్లే జరిగాయి. గర్భం 76 నుంచి 104 రోజుల మధ్య సోకితే పెద్దమెదడు కరిగిపోయి, పుర్రె లోపల నీళ్ల సంచి మిగులుతుంది. బయటికి తల మామూలుగానే కనిపిస్తుంది. ఆ దూడ నిలబడగలదు, నోటికి అందిస్తే పాలూ తాగుతుంది, కానీ గుడ్డిగా, తల్లిని గుర్తుపట్టకుండా తిరుగుతుంది. 103 నుంచి 174 రోజుల మధ్య సోకితే వెన్నుపాములోని చలన నరకణాలు చనిపోతాయి. కడుపులో కాళ్లు కదల్చని దూడ కీళ్లు బిగుసుకుపోతాయి. అది వంకర కాళ్లతో అడ్డం తిరిగితే, ఈనడమే తల్లి ప్రాణం మీదికి వస్తుంది.

ఈ తేదీలను మన క్యాలెండరు మీద పెట్టి చూడాలి. మార్చి 10న ఈనిన ఆవుకు కిందటి జూన్ ఒకటి ప్రాంతంలో చూలు నిలిచి ఉంటుంది. 76వ రోజు ఆగస్టు నడిమికి, 174వ రోజు నవంబరు మూడో వారానికి పడుతుంది. పడమటి మండలాలకు నైరుతి వాన కొంత, ఈశాన్య వాన కొంత పడేది, పేడకుప్పల తడిలో క్యులికాయిడిస్ అనే కంటికి ఆనని కుట్టే పురుగులు పెరిగేది సరిగ్గా ఆ నెలల్లోనే. అకబానేనూ, గొర్రెలకు నీలినాలుక తెచ్చే వైరస్‌నూ మోసుకొచ్చేది ఈ పురుగులే. నీలినాలుక ఆంధ్ర గొర్రెల కాపరులకు పాత శత్రువు. ఆవుల్లో మాత్రం చప్పుడు చేయకుండా తిరుగుతుంది. 2006 నుంచి ఐరోపాలో పాకిన ఆ వైరస్ ఎనిమిదో రకం ఆవు మాయను దాటి దూడల మెదళ్లను పాడుచేసింది కూడా. కాబట్టి ఫాల్గుణ, చైత్రాల్లో ఒకే పల్లెలో రెండు మూడు గుడ్డిదూడలో వంకరకాళ్ల దూడలో పుడితే, వైద్యుడు అడగాల్సింది ఈ వారం సంగతి కాదు, కిందటి వానాకాలం సంగతి.

ఈ వైరస్‌ల పరిశోధనకు ఈ నేలతో ఉన్న బంధం చాలామందికి తెలియదు. 1955లో వేలూరు ప్రాంతంలో జపనీస్ మెదడువాపు కేసులను దేశంలో మొదటిసారి గుర్తించారు. ఆ ఏడాది నవంబరు నుంచి 1957 అక్టోబరు దాకా పూనాలోని వైరస్ పరిశోధన కేంద్రం వాళ్లు ఉత్తర ఆర్కాటు, చిత్తూరు జిల్లాల్లో దోమలు పట్టి వైరస్‌ల కోసం వెతికారు. అప్పుడు దొరికిన ఒక కొత్త వైరస్‌కు ఉత్తర ఆర్కాటులోని ఒక ఊరి పేరు మీద సాతుపేరి అని పేరు పెట్టారు. తర్వాత మన కైకలూరు పేరు మీద ఇంకొకటి నమోదైంది. రెండూ అకబానే కుటుంబానివే. అర్ధ శతాబ్దం గడిచింది. 2011లో జర్మనీలోని ష్మాలెన్‌బర్గ్ అనే పట్టణం దగ్గర ఆవులకు జ్వరం వచ్చి పాలు తగ్గాయి. ఆ శీతాకాలం నుంచి ఐరోపా అంతటా వంకరకాళ్ల గొర్రెపిల్లలు, మెదడు లేని దూడలు పుట్టాయి. కొత్త వైరస్ జన్యుక్రమాన్ని పోల్చి చూస్తే దాని దగ్గరి చుట్టం సాతుపేరి అని తేలింది. జర్మన్లు కొన్ని వారాల్లోనే దాన్ని పట్టుకోగలిగారంటే, జ్వరం వచ్చిన ఆవుల రక్తాన్ని రైతులు, వైద్యులు వెంటనే ప్రయోగశాలకు పంపబట్టే.

ఏ వైరస్సో తేల్చడానికి ప్రకృతి ఒక చక్కని వీలు ఇచ్చింది. మనుషుల్లోలా కాకుండా, ఆవు మాయ గుండా తల్లి యాంటీబాడీలు దూడకు చేరవు. అవన్నీ ముర్రుపాలలోనే వస్తాయి. గర్భంలో సగం కాలం దాటాక పిండం తన యాంటీబాడీలను తానే తయారుచేసుకోగలదు. అంటే ముర్రుపాలు తాగకముందు దూడ రక్తంలో ఒక వైరస్‌కు యాంటీబాడీలు కనిపిస్తే, ఆ వైరస్ గర్భంలోనే దూడను తాకిందన్నమాట. ఒక్క గుక్క తాగాక ఈ రుజువు చెరిగిపోతుంది, అవి తల్లివో దూడవో ఇక చెప్పలేం. రక్తం తీసే పేరుతో ముర్రుపాలు ఆలస్యం చేయమని దీని అర్థం కాదు. మెడ రక్తనాళం నుంచి అయిదు మిల్లీలీటర్లు తీయడానికి రెండు నిమిషాలు పట్టదు.

వైరస్సూ కాక, మేతా కాక మిగిలింది వంశం. కొన్ని లోపాలు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడ్డ జన్యువు కలిస్తేనే బయటపడతాయి. ఒక్కటే మోస్తున్న ఆవు, ఆంబోతు చూడ్డానికి నిక్షేపంలా ఉంటాయి. అలాంటి రెండిటికి పుట్టే దూడల్లో సగటున నాలుగింట ఒకటి జబ్బుపడుతుంది. జెర్సీ జాతిలో ముందుకాళ్లు రెండు వైపులకు జారిపోయి లేవలేని దూడల జబ్బునూ, హోల్‌స్టీన్‌లో కండరాలు బలం లేక పడిపోయే దూడల జబ్బునూ అమెరికా శాస్త్రజ్ఞులు ఈ దశాబ్దంలోనే జన్యువు దాకా పట్టుకున్నారు. హోల్‌స్టీన్‌లోనే సిట్రులినీమియా అనేది ఒకటుంది. దూడ మొదటి రోజు బాగానే ఉంటుంది. తర్వాత ఒంట్లో అమోనియా పేరుకుని, మూడో రోజుకల్లా తల గోడకు ఆనించి నిలబడుతుంది, చూపు పోతుంది, వారంలోపు చనిపోతుంది. మెదడు పొరల వాపును తలపించే జబ్బు ఇది. మన దేశంలో వీర్య కేంద్రాలకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన కనీస ప్రమాణాల్లో, ఆంబోతులకు సిట్రులినీమియా పరీక్ష కూడా ఒకటి.

అయితే ఆ రక్షణ పల్లెలో నిలబడాలంటే ఏ ఆవుకు ఏ ఆంబోతు వీర్యపు సూది పడిందో రాసి ఉండాలి. ప్రతి వీర్యపు గొట్టం మీదా ఆంబోతు నంబరు అచ్చు వేసి ఉంటుంది. దాన్ని పారేయకుండా పుస్తకంలో ఎక్కిస్తే, అదే ఆంబోతు సూది దాని కూతురికే పడటాన్ని ఆపవచ్చు. పుంగనూరు విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఈ మధ్య దీనికి దేశమంతటా గిరాకీ పెరిగింది. ఇంకా పొట్టిది, ఇంకా చిన్నది అని వెతికి, ఉన్న కొద్దిపాటి పశువుల్లోనే దగ్గరి చుట్టరికాలు కలిపితే దాగి ఉన్న చెడ్డ జన్యువులు జతకట్టడానికి దారి వేసినట్టే. పొట్టితనం కోసం పెంచిన ఐర్లండు డెక్స్‌టర్ జాతిలో, పొట్టి జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చిన దూడలు వికృతంగా ఏర్పడి గర్భంలోనే పోతాయి. పుంగనూరు పొట్టితనం ఈ నేల మీద తరతరాల పెంపకంలో వచ్చింది. ఆ అందాన్ని ముచ్చట కోసం తొందరపెట్టి పాడుచేయడం తగదు.

పాడి రైతులకు, ఊళ్లో ఆ సూది వేసే గోపాలమిత్రలకు ఈ వ్యాసం చేసే విన్నపం ఇది. చూలు నిలిచిన తేదీ, ఆంబోతు నంబరు, చూడి నెలల్లో ఆవుకు వచ్చిన జ్వరం, వేసిన ఏలికపాముల మందు, అన్నీ ఒక పుస్తకంలో రాసి పెట్టండి. చూలు నిలిచిన మొదటి నెలన్నరలో ఆల్బెండజోల్ వేయించకండి. దూడ లేవకపోతే మరునాటి దాకా ఆగకుండా దగ్గరి పశువైద్యశాలకో, 1962 నంబరుకో ఫోన్ చేయండి. అంతలో దాని ఒళ్లు తుడిచి, వెచ్చగా కప్పి, చీకలేకపోతే పాలు బలవంతంగా నోట్లో పోయకుండా గొట్టంతో పట్టించేవాళ్ల కోసం చూడండి. దూడ దక్కకపోతే పూడ్చే ముందు వైద్యుడికి ఒక్క మాట చెప్పండి. మెదడులో ఒక సగం పది శాతం ఫార్మలిన్‌లో, రెండో సగం ఐసులో పెట్టి పంపితే తిరుపతి పశువైద్య కళాశాలలో పరీక్షించగలరు. కుప్పం వాళ్లకు తిరుపతి కంటే బెంగళూరే దగ్గర. పశువ్యాధుల జాతీయ పరిశోధన సంస్థ అక్కడి యలహంకలోనే ఉంది.